కందికట్టె మీద నా కెమెరా

మర్రిగూడలో అక్కను చూసి, అటు నుంచి అటే అమ్రాబాద్ అడవికి పోయి రావాలనుకున్నాను. నిజం చెప్పాలంటే నా తొందర అడవి కోసం కాదు. దారిలో ఉన్న బండ్ల కెమెరాల్లోంచి రోడ్డు ఎలా ఉందో అప్పటికప్పుడు చూపించే యాప్ ఒకటి ఫోన్‌లో కొత్తగా వేసుకున్నాను. మన కెమెరాలో పడేది కూడా అందులో పదిమందికీ కనబడుతుంది. ఆ సరదా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

పొద్దున ఆరున్నరకు అక్క ఇంటి నుంచి కారులో బయలుదేరి ఊరు దాటానో లేదో, తారు రోడ్డు మీద సగం మేర కందికట్టె పరిచి ఉంది. చక్రాలు తొక్కితే గింజ రాలుతుందని ఇక్కడ అలా పరుస్తారు. పక్కన నిలబడ్డ పెద్దావిడ చెయ్యి ఊపింది.

"మీదికెళ్లే పో బిడ్డా, జర మెల్లగ పో. గా ఫోన్‌ల ఏం తీస్తున్నవ్?"

"ఏం లేదమ్మా, తొవ్వ చూస్తున్న" అన్నాను. కారు కదలగానే, "చూడండి, ప్రభుత్వ రోడ్డు మీద సొంత కళ్లం!" అని కెమెరాలో వెటకారం చేశాను.

డిండిలో ఇడ్లీ తిని, అచ్చంపేట మీదుగా పదిన్నరకల్లా మన్ననూరు చేరాను. రానుపోను పెట్రోలుకు పదహారు వందలైంది. అక్కడ ఫోన్ తెరిస్తే వందలమంది చూశారు. "అడ్డంకి తొలగించారు, ధన్యవాదాలు" అని ఎవరో రాశారు. పొంగిపోయాను. ఆ పొంగులో అడవిని సరిగా చూడనే లేదు.

సాయంత్రం నాలుగింటికి అదే చోటికి వచ్చేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. కట్టె, గింజ అంతా పక్కనున్న కంకరలోకి నెట్టేసి ఉంది. ఆవిడ ఒక్కతే కూర్చుని చాటలో రాళ్లు ఏరుతోంది. ఆగాను.

"ఎవలో ఫోన్ల సూపెట్టిన్రంట బిడ్డా. రోడ్డు పనోళ్లొచ్చి నెట్టేసిపోయిన్రు. ఎత్తుకుంట, గంటసేపు ఆగుండ్రి అన్న, ఇనలే. ఎకురం కంది, గిదే మాకు ఏడాది పంట." నన్ను గుర్తుపట్టింది. "పొద్దుగాల నువ్వు మెల్లగ పోయినవ్, మంచోనివి. గా సూపెట్టినోడు ఎవడో నీ ఫోన్ల జర సూసి చెప్పు."

"సిగ్నల్ లేదమ్మా" అన్నాను. సిగ్నల్ ఉంది. చీకటి పడేదాకా పక్కన కూర్చుని రాళ్లు ఏరాను గానీ, చూపెట్టింది నేనేనన్న మాట మాత్రం నోట రాలేదు.

కట్టె మీద బైకులు జారడం నిజమే. ఆ సంగతి ఆవిడకే చెప్పి ఉంటే గంటలో తీసేసేది. నేను ఆవిడతో అబద్ధమాడి, ముక్కూమొహం తెలియనివాళ్లకు నిజం చెప్పాను. ఇది రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది. ఈ దారిన పోయేవాళ్లకు ఒక్క మాట: రోడ్డు మీద పంట కనబడితే ముందు యాప్‌లో కెమెరా ఆపండి, తర్వాత కారు ఆపి దిగండి. అక్కడ ఎవరో ఒకరు ఉంటారు, పిలిస్తే పలుకుతారు.