మ్యాపుల గదిలో మా తమ్ముడు

మా తమ్ముడు పనిచేసే అటవీ శాఖ ఆఫీసుకు సరిగ్గా ఎదురుగా నా జిరాక్స్ షాపు. ఆ ఆఫీసు రెండో అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు ఉన్నది మ్యాపుల గది. పద్దెనిమిదేళ్ళుగా వాడు అందులోనే ఉన్నాడు. గిరాకీ లేనప్పుడు తలెత్తి చూస్తే కిటికీలో వాడి నెత్తి కనిపిస్తుంది. అడవుల చదువు చదివినవాడి నెత్తి మీదే చెట్లు కొట్టేశారని మా మరదలు, అంటే వాడి భార్య, ఆటపట్టిస్తుంది. వాడు నవ్వుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

వాడు కాలేజీలో అటవీ వనరుల నిర్వహణ చదువుతానన్న రోజు ఇంట్లో పెద్ద రభస. మా పెదనాన్న వాణ్ణి ఎగాదిగా చూసి, "చెట్లు వాటంతటవే పెరుగుతాయి కదరా, వాటికి మళ్ళీ మేనేజరెందుకు?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. వాడసలే నోట్లో నాలుక లేనివాడు, కింద నేల చూస్తూ నిలబడ్డాడు. నేనే కొంగు బిగించి పోట్లాడాను. "వాడికి ఏది ఇష్టమో అదే చదువుతాడు, మీ పని మీరు చూసుకోండి" అన్నాను. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, వాణ్ణి ఆ గదిలోకి తోసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

మూడో ఏడు వాళ్ళను నలభై రోజులు అడవిలో క్యాంపుకు తీసుకెళ్ళారు. ఛాతీ ఎత్తులో టేపు చుట్టి చెట్టు లావు కొలవడం, కాండం మీద తట్టి లోపల డొల్ల ఉందో లేదో చెప్పడం, ఆకు నలిపి వాసన చూసి అదేం చెట్టో పోల్చడం, ఇవీ వాళ్ళ పాఠాలు. తిరిగొచ్చేసరికి పిక్కల నిండా ముళ్ళ గీతలు, మొహం నల్లగా కమిలిపోయింది. "రోజుకు పదిహేను కిలోమీటర్లు నడిచామక్కా! కాళ్ళున్నది అందుకేనని అక్కడికెళ్ళాకే తెలిసింది" అన్నాడు. మా తమ్ముడు అన్నేసి మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

చదువయ్యాక వాడి క్లాసువాళ్ళు తలోదారి పట్టారు. ఒకడు కాగితం మిల్లుకు తోటలు పెంచిస్తున్నాడు. ఒకమ్మాయి నర్సరీ పెట్టింది. ఇంకో అమ్మాయి అడవిలో మంటలార్పే దళానికి శిక్షణ ఇస్తోంది. పరీక్షల్లో ఎప్పుడూ మావాడి పక్కన కూర్చుని తొంగిచూసిన మహానుభావుడు ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. మావాడికి శాఖలోనే ఉద్యోగం వచ్చింది. మొదట ఆరు నెలలు మ్యాపుల గది, తర్వాత ఫీల్డు అన్నారు.

ఆ ఆరు నెలలూ మావాడు చేసిన తప్పల్లా పని బాగా చేయడమే. చిరిగిపోయిన మ్యాపులన్నీ అతికించి, ఒకదానితో ఒకటి కుదరని హద్దులను సరిచేసి, ఏ అడవి ఏ బీరువాలో ఉందో కళ్ళు మూసుకుని తీసిచ్చేలా సర్దాడు. ఇంకేముంది, కదలనిస్తారా? ఇప్పటికి ఐదుగురు పెద్ద ఆఫీసర్లు మారారు. ఐదుగురిదీ ఒకటే పాట. "మీరు లేకపోతే ఈ ఆఫీసు నడవదండీ!" మొదట్లో ఆ మాట ఇంటికొచ్చి మురిసిపోతూ చెప్పేవాడు. తర్వాత తర్వాత చెప్పడం మానేశాడు. ఏడాదికొక దరఖాస్తు పెట్టేవాడు, ఫీల్డుకు పంపమని. దాన్ని జిరాక్స్ తీసేది నేనే. నా మెషీన్‌కు కూడా కంఠతా వచ్చేసి ఉంటుంది.

ఫీల్డు పోస్టుకు నలభై రెండేళ్ళు దాటకూడదు. మావాడికి నలభై రెండు నిండటానికి నాలుగు నెలలుందనగా పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. కొత్తగా చదివొచ్చినవాళ్ళతో పాటు, ఆ చదువు చదివి ఆఫీసుల్లో ఉన్నవాళ్ళెవరైనా సరే, నడక పరీక్ష నెగ్గితే రేంజరుగా తీసుకుంటారట. పై అధికారి వదలాల్సిన పని కూడా లేదట. పాతిక కిలోమీటర్లు, నాలుగు గంటలు. ఆ శాఖలో మొదటినుంచీ ఉన్న పద్ధతే అది. నడవలేనివాడికి అడవిని అప్పగించరు.

ఆ రోజునుంచి మా తమ్ముడు మనిషి మారిపోయాడు. తెల్లారకముందే లేచి నడక. వెనకాల స్కూటీ మీద మా మరదలు, చేతిలో నీళ్ళ సీసా, మెడలో గడియారం. "ఇంకా స్పీడుగా! వెనకాల పులి వస్తోందనుకో!" అని అరిచేదట. "పులి కాదు, నువ్వొస్తున్నావుగా, చాల్లే!" అనేవాడట మావాడు. మూడు నెలల్లో పొట్ట కరిగింది. వాడు జోకులేస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనయ్యింది.

పరీక్షకు రెండు వారాల ముందు పెద్ద ఆఫీసరు పిలిచి, "దారి మీరే గీయండి, మీకంటే బాగా ఇంకెవరికి తెలుసు?" అన్నాడట. నాకు నచ్చలేదు. "పరీక్ష రాసేవాడి చేతే ప్రశ్నపత్రం తయారు చేయిస్తారట్రా ఎవరైనా?" అన్నాను.

"నడవడంలో దాచేదేముందక్కా? కాకపోతే రెండు రోజులు అడవికెళ్ళి నేల మీద కొలిచి వస్తానని అడిగాను. కుదరదన్నారు. ఎల్లుండికి ఆరు మ్యాపులు పంపాలట."

"మరెలా కొలుస్తావు?"

"గదిలో కూర్చునే. మ్యాపు మీద దారి వెంట దారం పరిచి కొలిచేస్తే సరి" అన్నాడు. అలాగే కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా పాతిక కిలోమీటర్లు.

పరీక్ష రోజు షాపు మూసేసి మరదలితో పాటు వెళ్ళాను. అడవి మొదట్లో ఉన్న చెక్‌పోస్టు దగ్గర ముగింపు గీత. పదహారుమంది నడిచారు. మావాడు తప్ప అందరూ నిన్నగాక మొన్న కాలేజీ వదిలినవాళ్ళు. ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. పదకొండుమంది వచ్చారు. నాలుగు గంటలు కాగానే ఈల ఊదారు. ఒక నిమిషం ఆలస్యంగా ఒకమ్మాయి, రెండు నిమిషాలకు ఒక కుర్రాడు, మూడో నిమిషానికి మా తమ్ముడు. మిగతా ఇద్దరూ దారిలోనే ఆగిపోయారట. మావాడు పెద్దగా ఆయాసపడటం లేదు. చేతి గడియారం చూసుకుని, ఈల ఊదినాయన గడియారం కూడా చూశాడు. రోజూ ఇదే దూరం మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాల్లో నడిచినవాడు. "ఎలా అయ్యింది?" అని ఒక్క ముక్క అన్నాడు, అంతే.

ఇంటికొచ్చాక బకెట్లో వేడినీళ్ళు పోసి, వాడి కాళ్ళు అందులో పెట్టించింది మరదలు. అలా కూర్చున్నవాడు ఉన్నట్టుండి కాగితం, పెన్సిలు అడిగాడు. ఏవో లెక్కలు కట్టాడు. కొట్టేసి మళ్ళీ కట్టాడు.

"అక్కా, మధ్యలో ఏడు కిలోమీటర్లు కొండదారి. మ్యాపు మీద కొలిస్తే పైనుంచి పక్షి చూసే దూరమే వస్తుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మనిషి నడిచేది అంతకంటే ఎక్కువ. వాలు లెక్క కలపాలి. నేను కలపలేదు. దారి నాలుగు వందల మీటర్లు ఎక్కువుంది."

"నాలుగు వందల మీటర్లంటే ఎంతసేపు?"

"దాదాపు నాలుగు నిమిషాలు."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "అయితే నువ్వు పాసయినట్టే కదరా! ఇంకా చూస్తావేంటి, రాయి! ఇప్పుడే రాయి!"

"రాస్తాను. నాకు ముందొచ్చిన ఆ ఇద్దరు పిల్లల కోసమైనా రాయాలి" అన్నాడు. చూస్తే కళ్ళనిండా నీళ్ళు. "అది మొదటి సంవత్సరం పాఠమక్కా. ఎవరు మర్చిపోయినా నేను మర్చిపోకూడదు. అక్కడ కొండ ఉందని తెలుసు, మ్యాపులో గీసింది నేనే. దాన్ని ఎక్కాలన్న సంగతే నాకు తట్టలేదు."

మరదలు చల్లారిన నీళ్ళు పారబోసి వేడివి పోసింది.

మర్నాడు అంతా రాసిచ్చాడు. కొలత తనదే, తప్పు తనదే, ఫలానా చోట ఇంత పొరపాటు అని. పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు అటెండరు దాన్ని నా షాపుకే పట్టుకొచ్చాడు, పన్నెండు కాపీలు తీయమని. మొదటి కాపీ బయటికి రాగానే చదివాను. దారి ఎక్కువైన మాట నిజమేనని తేలింది, ఆ అమ్మాయినీ ఆ కుర్రాణ్ణీ నెగ్గినట్టు ప్రకటించారు. దారి నిర్ణయించిన ఉద్యోగి తన పొరపాటు వల్ల తానే లాభపడటం సబబు కాదు కనుక ఆయన పేరు పరిశీలించలేదు. అది రెండో పేరా. మూడో పేరాలో ఆయన నిజాయితీని మెచ్చుకున్నారు. మెచ్చుకుని, మ్యాపుల గదిని ఉద్యోగ విరమణ దాకా ఆయనకే అప్పగించారు.

మిగతా కాపీలు మెషీన్‌లోనే వదిలేశాను. "అమ్మా, ఇంకా పదకొండు..." అంటున్న అటెండరును పక్కకు నెట్టి, ఆ ఒక్క కాగితం పట్టుకుని రోడ్డు దాటాను. పెద్ద ఆఫీసరు ఎవడైతే నాకేంటి, కడిగిపారేద్దామనే మెట్లెక్కాను. ముందు మా తమ్ముణ్ణి కూడా లాక్కెళ్ళాలని ఎడమవైపు తిరిగాను.

గదిలో ఆ ఇద్దరు పిల్లలూ ఉన్నారు. మర్నాడే వాళ్ళ ప్రయాణం. బల్లమీద పెద్ద మ్యాపు పరిచి, వాళ్ళకు ఇచ్చిన అడవి చూపిస్తున్నాడు మావాడు. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు కొండ అని, దూరంగా ఉంటే చదునని, ఇక్కడ వాగు దాటాలని, అక్కడ జాగ్రత్తని, ఒకటే చెప్పుకుపోతున్నాడు. నన్ను చూశాడు. నా చేతిలో కాగితాన్నీ చూశాడు. అది వాడికి పొద్దున్నే తెలుసని మొహం చూస్తేనే అర్థమైంది. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యెత్తాడు.

ఆ అమ్మాయి ఒక కొండ మీద వేలు పెట్టి, "సార్, దీని పైనుంచి చూస్తే ఏం కనిపిస్తుంది?" అని అడిగింది.

మా తమ్ముడు ఆ గీతల మీదికి వంగి చూశాడు.

"నేనెప్పుడూ వెళ్ళలేదమ్మా" అన్నాడు. "నువ్వెక్కాక నాకు ఉత్తరం రాయి. ఈ మ్యాపులో రాసుకుంటాను."