పసుపు సంచి ఏ డ్రైవులో ఉన్నట్టు?

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు సంగతి ఇది. నువ్వప్పుడు ఎల్‌కేజీ. మన నరసన్నపేట ఇంట్లో ముందు గదిలో కంప్యూటర్ ఉండేది. దాని ముందు కూర్చుని మీ అమ్మ, అంటే నా కోడలు, పెళ్ళి కార్డులు, చర్చి కరపత్రాలు టైపు చేసేది. పని లేనప్పుడు పాటలు టైపు చేసేది. మా చర్చిలో ముసలాళ్ళం నాట్లేస్తూ పాడుకున్న పాటలవి. అచ్చయిన ఏ పాటల పుస్తకంలోనూ లేవు. నేను, ఇంకో నలుగురు ఆడవాళ్ళం నోటితో చెబితే తను కొట్టేది. ఆ నలుగురిలో ఇద్దరు అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. వాళ్ళ పాటలిక ఆ పెట్టెలో తప్ప ఎక్కడా లేవు.

కంప్యూటరేమో మహా నెమ్మది. స్విచ్చి వేసి, దొడ్లో బట్టలన్నీ ఆరేసి వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. మీ నాన్న శ్రీకాకుళం వెళ్ళి ఎస్‌ఎస్‌డీ అనేదాన్ని కొనుక్కొచ్చాడు. పాత హార్డ్‌డిస్క్ లోపల తిరుగుతుందట, ఇది తిరగదట, అందుకే వేగమట. అరచేతిలో పట్టేస్తుంది. చోటు మాత్రం పాతదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. కాబట్టి కొత్తదాంట్లో ఏం పెట్టాలి, పాతదాంట్లో ఏం ఉంచాలి అన్నది తేల్చాలి. తేల్చడానికి రాజాంలో కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే మీ మావయ్యని, నా అల్లుణ్ణి, పిలిపించాడు.

ఇద్దరూ కలిసి క్యాలెండరు చించి వెనకవైపు గీతలు గీశారు. డ్రైవులంటే డిస్కు లోపలి గదులట. ఇది సి డ్రైవు, ఇది డి డ్రైవు, ఇక్కడింత, అక్కడింత. పూటంతా అదే. పొలం గట్టు దగ్గర కూడా అంత కొలత చూసుకోరు మనుషులు. మీ నాన్న అన్నీ కొత్తదాంట్లోనే పెట్టెయ్యాలంటాడు. మీ మావయ్యేమో కొత్తదాంట్లో ఒక్క విండోసే పెట్టి, పాతదాన్ని చెరిపి మూడు ముక్కలు చెయ్యాలంటాడు. రోజూ దాని ముందు కూర్చునే మనిషి మీ అమ్మ. తనని ఒక్క మాట అడగాలని ఇంత చదువుకున్న ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. తనేమో ఆ రోజు చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళింది.

చివరికి మీ మావయ్య మాటే నెగ్గింది. పెట్టె మూత విప్పి, కొత్తదాన్ని వైరుకి తగిలించి, పాతదాన్ని చెరిపే ముందు అందులో ఏముందో చూడ్డానికి కూర్చున్నాడు.

"డి లోన సినిమాలు తప్ప ఏటీ లేవు బావా. ఇవి దాసాలా?"

"దాసాల దాసాల. అయి దొరకవు," అన్నాడు మీ నాన్న ఎక్కడలేని కంగారుతో.

నేను గుమ్మంలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. "మరి ఆ పిల్ల కొట్టిన పాటలేవిరా?" అన్నాను.

"ఎక్కడో పెన్‌డ్రైవ్‌లోన ఉంటాయిలేమ్మా."

"ఎక్కడో అంటే ఎక్కడ్రా?"

మీ మావయ్య నవ్వాడు. కాలేజీ పిల్లలకి పాఠం చెప్పే నవ్వు. "అత్తా, సరుకంతా డి లోన ఉంటాది. సి లోన విండోస్ తప్ప ఏటీ ఉండదు. డి లోన పాటలు లేవు, అంటే ఇందులోన లేనట్టే. సి కొట్టేసినా ఏటీ పోదు."

నాకు సి తెలీదు, డి తెలీదు. కానీ నాకు కళ్ళున్నాయి. మీ అమ్మ రోజూ తెర మీద ఒక పసుపు సంచి బొమ్మ మీద టక్‌టక్‌మని కొట్టి పాటలు తెరవడం చూస్తూనే ఉన్నాను. అదిగో, ఆ క్షణంలో కూడా తెర మీద ఉంది.

"బాబూ, ఆ పసుపు సంచి ఏ డ్రైవులోన ఉన్నాది?"

"అది డెస్క్‌టాప్ అత్తా. ఊరికే అలగ కనిపిస్తాది."

"కనిపిస్తాదంటే ఉన్నట్టా, లేనట్టా?"

మీ నాన్న అందుకుని, "అమ్మా, నీకు తెలవదు, నువ్వెళ్ళి కూర సూసుకో" అన్నాడు. నాకు తెలీదని ఒప్పుకుంటాను. తెలీనివాడు చెరపడానికి కూర్చోవడమే నాకు అసహ్యం. చిక్కుళ్ళ చేట పట్టుకెళ్ళి కీబోర్డు మీద పెట్టేశాను.

"ఆ పిల్ల వచ్చిందాకా ఎవుడూ ముట్టుకోకండి."

"ఓలమ్మా, ఇదేటి మొండితనమే!" అని మీ నాన్న గెంతాడు. అల్లుడికి మాత్రం అత్త చేట తీసే ధైర్యం చాల్లేదు. ఇద్దరూ వీధిలోకి పోయి టీ తాగొచ్చారు.

మీ అమ్మ వచ్చింది. విషయం చెప్పాను. బైబిలు కూడా కింద పెట్టకుండా నిలబడే ఆ సంచి మీద కుడివైపు నొక్కి ఏదో తెరిచి చూపించింది.

"డెస్క్‌టాప్ సి లోనే ఉంటాది కదన్నయ్యా," అంది మీ మావయ్యతో. "నూట పన్నెండు పాటలు."

మీ మావయ్య ఆ వైరు కేసి, ఈ స్క్రూ కేసి చూశాడు. "అదే... అడుగుదామనే ఆగినాం" అన్నాడు. ఆగారట! ఆపింది నా చిక్కుళ్ళు. మనిషికి సిగ్గుండాలి కదా.

తరవాత తేల్చింది మీ అమ్మ, రెండు నిమిషాల్లో. కొత్తదాంట్లో విండోసు, తెలుగు టైపు సాఫ్ట్‌వేరు. పాతది చెరపడానికి వీల్లేదు, ఉన్నది ఉన్నట్టే ఉండాలి. పాటలు రెండింట్లోనూ ఉండాలి. "ఒకటి సెడిపోతే రెండోదుంటాది," అంది. గీతలు లేవు, క్యాలెండరు లేదు. వాళ్ళిద్దరూ పూటంతా చేసిన పంపకంలో ఈ మాట ఎక్కడా లేదు.

"నానూ అదే అనుకున్నాను," అన్నాడు మీ నాన్న. ఏ విషయమైనా తేలిపోయాక మీ నాన్న ముందే అనుకుని ఉంటాడు.

సాయంత్రానికి అన్నీ బిగించారు. మీ అమ్మ పక్కనే స్టూలు వేసుకుని, ఒక్కో పాటా రెండు చోట్లా తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాకే వాళ్ళని లేవనిచ్చింది. ఆ తరవాత పాస్‌వర్డ్ పెట్టింది. మొగుడికి చెప్పలేదు, అన్నయ్యకీ చెప్పలేదు. నా చెవిలో చెప్పింది.

అదేంటో నీకూ చెప్పనే. నువ్వూ మీ నాన్న రక్తమే కదా.