ముప్పై చెరువుల దిగులు, ఒక్క కడుపు

సహోదరులారా, సహోదరీలారా, రెండేళ్ల కిందట నా కడుపు నా మాట వినడం మానేసిందండీ! నా పేరు దానయ్య, మాది కైకలూరు, రొయ్యల మేత కొట్టు తరఫున ముప్పై చెరువులు చూసి రైతులకు సలహాలు చెప్పే టెక్నీషియన్‌ని. మబ్బు పట్టినా ఫోనే, కరెంటు పోయినా ఫోనే, రొయ్య మేత తినకపోయినా ఫోనే, ఆ ఫోన్లన్నీ చెవిలోంచి దిగి నేరుగా నా కడుపులో చేరేవి. ముద్ద నోట పెట్టుకోగానే పేగులు మెలితిప్పేవి. ఏలూరు బస్సెక్కితే కొల్లేరు మధ్యకు వచ్చేసరికి తన్నుకొచ్చేది, ఇటు చూస్తే నీళ్లు, అటు చూస్తే నీళ్లు, చాటుకు ఒక్క తుప్ప కూడా లేదు! "ప్రభువా, పరలోకం తర్వాత సంగతి, ముందు నన్ను ఏలూరు బస్టాండు చేర్చు తండ్రీ" అని కన్నీళ్లతో ప్రార్థించినవాణ్ణి నేను.

ఇదే మందిరంలో ఒక ఆదివారం పాస్టరుగారు "జీవితాన్ని ప్రభువుకు సమర్పించుకునేవాళ్లు లేచి నిలబడండి" అన్నారు. సరిగ్గా అప్పుడే నాకు లేవాల్సి వచ్చింది! "హల్లెలూయా, ఒక సహోదరుడు లేచాడు!" అని ఆయన, చప్పట్లు కొడుతూ మీరందరూ, నేనేమో ముందుకు రాకుండా వెనక్కి పరుగెత్తాను. పాస్టరుగారు నన్ను క్షమించాలండీ.

నవ్వుకున్నా గానీ, లోపల భయం కమ్మేసింది. పదిహేను రోజులకోసారి జ్వరం, ఆగని జలుబు, నోట్లో పుండ్లు, మందులషాపులో నాకు నేనే అడిగి తెచ్చుకున్న యాంటీబయోటిక్ బిళ్లలు. పదకొండు కిలోలు తగ్గిపోయాను. పెద్ద జబ్బేనని మనసులో తీర్మానించేసుకున్నాను. మా అమ్మాయి ఒకరోజు నా చేతి ఎముకలు తడిమి "నాన్నా, నువ్వు మాతోనే ఉంటావు కదా?" అంది. పెరట్లోకి వెళ్లి ఏడ్చాను.

మా ఆవిడ రూతమ్మ నన్ను బలవంతాన ఏలూరు డాక్టరమ్మగారి దగ్గరకు తీసుకెళ్లింది. పరీక్షలన్నీ చేయించి, భయపడాల్సిందేమీ లేదని చెప్పి, ఆవిడ అడిగారు: "మీ చెరువులో రొయ్య ఒత్తిడికి లోనైతే ఏమవుతుందండీ?"

నాకు తెలిసిన సబ్జెక్టు కదా! "పేగులో మంచి బ్యాక్టీరియా తగ్గి చెడ్డది పెరుగుతుందండీ, మేత మానేస్తుందండీ, రోగాన్ని తట్టుకునే శక్తి పోతుందండీ" అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పేశాను.

ఆవిడ కళ్లజోడు తీసి, "మనిషికీ దాదాపు అంతేనండీ దానయ్యగారూ" అన్నారు.

రూతమ్మ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెదడుకీ పేగుకీ ఎప్పుడూ మాటలు నడుస్తుంటాయట, ఎడతెగని దిగులు పేగులోని సూక్ష్మజీవుల పొందికను చెడగొడుతుందట, ఒంటిని కాపాడే కణాల్లో చాలా భాగం పేగు చుట్టూనే కాపురం ఉంటాయట, అవి తడబడితే జలుబూ జ్వరమూ సులువుగా అంటుకుంటాయట. పైగా డాక్టరును అడగకుండా మింగిన బిళ్లలు మంచి బ్యాక్టీరియాను కూడా ఊడ్చేస్తాయని డాక్టరమ్మగారు కేకలేశారు. మందు రాసి, వేళకు తిండి, పెరుగు, కూరలు, నిద్ర, నడక అని చెప్పి, "ఒక్కరోజులో తగ్గదండీ, ఓపిక పట్టాలి" అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం చెరువుగట్టు మీద మోకాళ్లూనాను. "ప్రభువా, ఈ ముప్పై చెరువులకూ నేనే దేవుణ్ణనుకున్నాను, నన్ను క్షమించు. చేతనైనంత నేను చేస్తాను, మిగతాది నీది తండ్రీ." అంతే ప్రార్థన! ఎన్నాళ్లకో నా ఊపిరి పొట్ట దాకా దిగింది.

ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నానో లేదో ఫోన్ మోగింది. ఆకివీడు రైతు సత్యంగారు. నా చెయ్యి దానంతటదే లేచింది, రూతమ్మ ముందే అందుకుంది. "ఏవండీ, ఆయన అన్నం తింటున్నారండీ. రొయ్య మేత తినేటప్పుడు చెరువులో దిగి కలబెట్టకూడదని మీకు చెప్పింది ఆయనే కదండీ!"

"అయ్యయ్యో, తిననివ్వండమ్మా, తిననివ్వండి" అన్నారాయన.

నాకు ముద్ద దిగితే ఒట్టు! ఏ చెరువు పోయిందో అని ఆదరాబాదరాగా చెయ్యి కడుక్కుని ఫోన్ చేస్తే, "ఏం లేదండీ, మా అబ్బాయి పెళ్లి, మీరు తప్పకుండా రావాలండీ" అన్నారు. శుభవార్తకు కూడా వణికిన కడుపండీ నాది!

ఆ పెళ్లి నాటికి మందు పూర్తయింది, నడక అలవాటైంది, విస్తట్లో వడ్డించినవన్నీ తిన్నాను. జ్వరాలు తగ్గాయి, పోయిన కిలోల్లో తొమ్మిది తిరిగొచ్చాయి. దిగులు అసలు రాదని అబద్ధం చెప్పను, ఇప్పుడు ఇక్కడ నిలబడే ముందు కూడా వచ్చింది. వస్తే ప్రభువుకు అప్పగిస్తాను, అది మళ్లీ వస్తే మళ్లీ అప్పగిస్తాను, ఆయన విసుక్కోలేదు సహోదరులారా, దేవునికే మహిమ!

మీలో ఎవరికైనా దిగులు ఒంట్లో దిగిపోయి ఉంటే దాచుకోకండి. డాక్టరుకు చూపించుకోండి, మోకాళ్లూనండి, రెండూ చేయండి, ప్రభువును నమ్మండి. ప్రార్థనకు మాటలు దొరకకపోతే నా దగ్గరకు రండి, మీ పక్కన కూర్చుని ఇద్దరం కలిసి వెతుక్కుందాం.