దుబాయి దారిలో మూడు గంటలు

రండి, ఇలా దగ్గరగా కూర్చోండి, కాళ్ళు చాపుకున్నా పరవాలేదు. మొన్న మనవరాలు ఫోనులో రెండు ఊళ్ళ పేర్లు కొట్టి, బొంబాయి నుంచి దుబాయికి విమానంలో మూడు గంటలేనట మామ్మా అని చూపించింది. ఆ మూడు గంటలతో నాకు పాత పేచీ ఉంది.

తొంభైల్లో మా ఆయన దుబాయిలో బోటు ఇంజన్లు బాగుచేసే పనికి వెళ్ళి, రెండేళ్ళకి నెల సెలవు మీద వచ్చాడు. చొక్కా ఉతకబోతే జేబులో రాకపోకల విమానం టైములు ఏజెంటు రాసిచ్చిన చీటీ దొరికింది. చేపలమ్ముకునేదాన్ని, చదువు రాకపోయినా అంకెలు వచ్చు. వెళ్ళేటప్పుడు బొంబాయిలో పదింటికి ఎక్కితే అక్కడ పదకొండున్నరకి దిగాడు; వచ్చేటప్పుడు అక్కడ పదింటికి ఎక్కితే బొంబాయిలో రెండున్నరకి దిగాడు. మా హార్బర్లో బోటు ఎన్ని గంటలు ఆలస్యమైందో చూసి, దారిలో ఏ ఒడ్డున సరుకు దించి వచ్చారో ఆడవాళ్ళం చెప్పేసేవాళ్ళం, అలాంటి నాకు ఈ లెక్క మింగుడుపడుతుందా?

"ఎల్లినప్పుడు గంటన్నర, వచ్చినప్పుడు నాలుగున్నర. ఆ మూడు గంటలూ ఏ ఊల్లో దిగినావు?" అని అడిగేశాను.

"అక్కడ టైము యేరేనే," అన్నాడు.

"అక్కడికి యేరే సూరీడున్నాడేటి?"

మా అత్తగారు కొడుకును వెనకేసుకొచ్చి, "గాలికెదురొచ్చే బోటు లేటవదేటే?" అంది. నాకు అనుమానం ఇంకా ముదిరింది. మా వీధిలోనే ఒకామె మొగుడికి బొంబాయిలో రెండో కాపురం బయటపడిన రోజులవి. పెట్టె వెతికాను, చొక్కాలు వాసన చూశాను, హల్వా డబ్బాలో రెండు ముక్కలు తక్కువైతే ఎవరికి పెట్టాడోనని కుమిలిపోయాను. రైల్లో ఆకలేసి తిన్నానన్నాడు, నమ్మలేదు. పది రోజులు కంచం ముందు పెట్టి మాటాడకుండా వెళ్ళిపోయి, అత్తగారి పక్కన పడుకున్నాను.

చివరికి మా ఊళ్ళోనే పాత బజార్లో, మా దగ్గర ఎప్పుడూ చేపలు కొనే వాచీల సాయిబు దగ్గరికి ఆ చీటీ పట్టుకెళ్ళాను. ఆయన చదివి నవ్వాడు. "మా తమ్ముడూ అక్కడే ఉన్నాడమ్మా. ఇక్కడ మసీదులో పొద్దుగూకి నమాజుకి బాంగు ఇస్తా ఉంటే ఫోన్ చేస్తాడు, అక్కడింకా ఎండ కాస్తా ఉందంటాడు. సూర్యుడు మన సముద్రం మీద ముందు లేచి, గంటన్నరకి ఆళ్ళ దగ్గరికి పోతాడు." ఆ గంటన్నర ఒకవైపు కలిపి, ఇంకోవైపు తీసేసి చూస్తే రాకపోకలు రెండూ సరిగ్గా మూడేసి గంటలే.

ఇంటికొచ్చి వంజరం పులుసు పెట్టి, ఎదురుగా కూర్చుని వడ్డించాను. ఆయన కంచం వైపు చూసి, నా మొహం చూసి, "ఇయాల సూరీడు ఒక్కడేనేటి?" అన్నాడు. నేను ఇంకో ముక్క వడ్డించాను.

నెల సెలవులో పది రోజులు అలా పోయాయి, మళ్ళీ రెండేళ్ళ దాకా మనిషి లేడు. ఇప్పుడు ఫోను రెండు ఊళ్ళ టైమూ పక్కపక్కనే చూపిస్తుంది, మనిషి ఎక్కడున్నాడో చుక్క పెట్టి మరీ చెబుతుంది. అయినా అనుమానాలు తగ్గినట్టు నాకు కనబడదు. ఆ రోజుల్లో తెలియక అనుమానించాం, ఇప్పుడు చూసుకుంటూ అనుమానిస్తున్నారు.

మీ ఇంట్లోంచి దూరం వెళ్ళినవాళ్ళు కూర చల్లారకముందే గుమ్మం ఎక్కాలి, వాళ్ళు ఉన్న నాలుగు రోజులూ మీ ఇంట మాట ఆగకూడదు, చల్లగా ఉండండి.