మా ఇంటికి ఇంకో ఓనరు

అమ్మాయి కాలేజీకి వెళ్లిపోయాక కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లోని మా ఇంట్లో రెండు గదులు ఖాళీగా మిగిలాయి. మేడమీద దాని గది, కింద గరాజ్ పక్కన ఇంకోటి. అద్దెకిద్దామని ఇద్దరం అనుకున్నాం కానీ, ఎలాంటివాళ్లకి అన్న దగ్గర పేచీ వచ్చింది. ఏళ్ల తరబడి ఉండే మనిషిని ఒకణ్ణి చూసుకుంటే పీడా వదిలిపోతుందని మా ఆయన. నాలుగు రోజులుండి పోయేవాళ్లే నయం, ఎవరూ పాతుకుపోకూడదని నేను. చివరికి కింది గది ఆయన మాట ప్రకారం, మేడమీది గది నా మాట ప్రకారం ఇచ్చాం. ఇద్దరి తెలివితక్కువతనానికీ చోటు దొరికింది.

కింది గదిలోకి వచ్చినవాడు గుంటూరువైపు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. ముప్పై దాటి ఉంటాయి. భార్య వీసా కోసం హైదరాబాద్‌లో ఎదురుచూస్తోంది. వచ్చిన కొత్తలో నన్ను ‘మేడమ్ గారూ’ అనేవాడు. కొన్నాళ్లకి ‘అక్కా’ అయ్యాను. ఆ తర్వాత పిలుపే లేదు, వంటింటి గుమ్మంలో నిలబడి ‘కాఫీ ఉందా?’ అనేవాడు. మా ఫ్రిజ్‌లో ఒక అర అడిగితే ఇచ్చాను. ఇక నా అరలోని పెరుగు పుల్లబడిందని చెప్పడం మొదలుపెట్టాడు. టీవీకి దూరమైందని, మేం ఆఫీస్‌కి వెళ్లినప్పుడు సోఫా జరిపేశాడు. మా ఆయన సాయంత్రం అందులో కూర్చుని, "ఇలాగే బావుంది" అన్నారు.

మేడమీదికి వచ్చేవాళ్లూ ఏమంత గొప్పవాళ్లు కారు. ఇచ్చిన తువ్వాళ్లతో బూట్లు తుడుచుకునే జాతి. ఒక శుక్రవారం న్యూజెర్సీ నుంచి తెలుగు దంపతులు దిగారు, బంధువుల పెళ్లికి. గది వాళ్లబ్బాయి బుక్ చేశాడు. మేం ఆఫీసుల్లో ఉన్నాం కాబట్టి, తలుపు తీసి గది చూపించమని, ఇంట్లోంచే పనిచేసే కిందివాడికి చెప్పాను.

మర్నాడు పొద్దున పాత నైటీలో దోసెలు వేస్తున్నాను. ఆవిడ పట్టుచీరలో దిగి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకు రెండు, పల్చగా వెయ్యి. నీ చేతి వంట బావుంటుందని మీ ఓనర్ గారు చెప్పార్లే."

"ఏ ఓనర్ గారండీ?"

"అదే, నిన్న తలుపు తీసిన అబ్బాయి. ఇంత చిన్న వయసులో ఇంత ఇల్లు కొన్నాడు, ఇసుమంత గర్వం లేదు. నిన్నూ మీ ఆయన్నీ ఇంట్లోనే ఉంచుకున్నాడట కదా, పాపం."

పెనం మీద దోసె మాడింది. స్టవ్ ఆపేశాను.

"ఈ ఇల్లు మాదండీ. అతను అద్దెకుంటున్నాడు."

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నొచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"ఏమోనమ్మా, అతను మాత్రం చాలా మర్యాదస్తుడు. అది తీసేసి ఇంకోటి వెయ్యి."

వెయ్యలేదు. హాల్లోకి వెళ్లాను. వాడు కాళ్లు బార్లా చాపుకుని క్రికెట్ చూస్తున్నాడు.

"మేం నీ దగ్గర పనిచేస్తున్నామని చెప్పావా?"

"పెద్దవాళ్లు కదా, ఓనర్ ఎదురుగా ఉంటే ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటారని అలా అన్నాను. దీనికింత సీన్ ఎందుకక్కా?"

అవసరం పడేసరికి మళ్లీ అక్కనయ్యాను. పక్కనే పేపర్ చదువుతున్న మా ఆయన తలెత్తి, "పోనీవే. మంచి టెనెంట్ దొరకడం ఎంత కష్టమో తెలుసా?" అన్నారు.

అంతలో ఆవిడ భర్త సిల్కు లాల్చీలో మెట్లు దిగి వచ్చి, మా ఆయన వైపు చిటికె వేశాడు.

"బాబూ, కారు తియ్యి. ముహూర్తానికి టైమవుతోంది."

మా ఆయన మొహం చూడవలసిందే. పేపర్ మడిచారు, మళ్లీ విప్పారు, మళ్లీ మడిచారు. ఆ సాయంత్రమే కిందివాణ్ణి గది ఖాళీ చేయమన్నారు. నా విషయంలో ఎన్నాళ్లయినా రాని రోషం, తన దాకా వచ్చేసరికి ఒక్క పూటలో పొడుచుకొచ్చింది.

"మీతో ఫ్యామిలీలా ఉన్నాను, ఇలా చేస్తారనుకోలేదు" అన్నాడు వాడు, కళ్లనీళ్లు పెట్టుకుని. ఫ్యామిలీ అంటే వాడికి అదే అర్థమై ఉంటుంది. పాపం ఆ భార్య, ఆమెకి వీసా రాకూడదని కోరుకున్నాను.

పెళ్లివాళ్లు ఇంటికి వెళ్లాక వెబ్‌సైట్‌లో రివ్యూ రాశారు: ఓనర్ బంగారంలాంటి మనిషి, వంటావిడకే నోరెక్కువ.

ఆ తర్వాత రెండు గదులూ నాలుగు రోజులుండేవాళ్లకే ఇచ్చాం. దుప్పట్లు ఉతకలేక చస్తున్నాను. వచ్చేవాళ్లలో ఒక్కరికీ మంచం కింద చెత్త తీసే సంస్కారం లేదు. కానీ వాళ్లని అసహ్యించుకోవడం మొదలుపెట్టేలోగా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లిపోతారు. అద్దెకిచ్చేవాళ్లకి అంతకన్నా సుఖం ఏముంది?