ఆరని ఎర్రలైటు

కొబ్బరికాయల లోడుతో మా ట్రాక్టరు బయలుదేరబోతే టైరులో గాలి లేదు. ఆ లోడు కోసం అవతల రోడ్డు మీద ఆగిన లారీ డ్రైవరు ఒకటే హారను. మావారు కొత్త గాలి కంప్రెసరు బయటికి లాగారు. స్టార్టు చేస్తే దాని ఇంజను హెచ్చరిక లైటు ఎర్రగా ఉంది. ఆయిలు మార్చారు, ప్లగ్గు మార్చారు. ఎర్రగానే ఉంది. మెకానిక్కు సత్తిబాబు వచ్చి ఇంజను ఆపేసినా ఎర్రగానే ఉంది.

"వైరింగు పోయిందండి. మొత్తం విప్పాలండి, ఆయ్!"

నేను వెళ్లి కొంగుతో లైటు తుడిచాను. ఎరుపంతా కొంగుకి వచ్చేసింది. కుంకుమ!

"దీని మీద బొట్టెవరు పెట్టేరు?" అని గర్జించారు మావారు.

"నిన్న దీనికి పూజ చేసింది మీరే కదండీ!" అన్నాను.

టైరు నిండింది, కాయలెక్కించుకుని లారీ వెళ్లింది. మావారు మాత్రం "మెషీను మంచిదేనే" అంటూ సాయంత్రం దాకా దాన్నే క్షమిస్తూ కూర్చున్నారు.

జబ్బులేని ఇంజన్లకు వైద్యం చేసేవారు మీ ఇళ్లలోనూ ఉంటే చెప్పండి, ఈయనకి తోడుంటుంది.