కూలర్ గడ్డి

అక్క కిడ్నీని బావకు పెట్టి అప్పటికి పద్నాలుగు నెలలు. లాలాగూడలో వాళ్లింటికి ఎవరు వెళ్లినా చెప్పులు గేటు దగ్గరే విడిచి, చేతులు కడుక్కోవాలి. కోసి అమ్మే పండ్లు లేవు, పెళ్లిళ్లు లేవు. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా బావ రోజూ మందులు వేసుకునేవాడు. రోగాన్ని ఎదిరించే శక్తిని కూడా ఆ మందులు అణిచేస్తాయని ముందే చెప్పారు.

మార్చిలో ఎండలు ముదరగానే బావ కూలర్ దింపాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి, ఖాళీగా కూర్చోలేడు. అక్క మందుల దుకాణానికి వెళ్లింది. నేను కూలర్ తలుపు పట్టుకుంటే, నిరుడు తడిసి ఎండిన గడ్డిని ఆయన చేత్తో పీకాడు. దుమ్ము లేచింది. మాస్కు గడ్డం కింద ఉంది. చూశాను, ఏమీ అనలేదు. ఆ దుమ్మే నేనూ పీల్చాను. నాకు రెండు తుమ్ములొచ్చాయి.

మూడు వారాలకు ఆయనకు జ్వరం, దగ్గు. మొదట టీబీ అనుకున్నారు. ఊపిరితిత్తుల్లోంచి తీసిన నీటిని పరీక్షకు పంపితే, మట్టిలో, కుళ్లిన గడ్డిలో బతికే అరుదైన సూక్ష్మజీవి అని తేలడానికి వారం పట్టింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల జోలికి అది పెద్దగా రాదట. దుమ్ములో పనేమైనా చేశారా అని డాక్టర్ అడిగినప్పుడు కూలర్ సంగతి నేనే చెప్పాను. అక్క నావైపు ఒకసారి చూసింది.

ఊపిరితిత్తులు కోలుకోవాలంటే కిడ్నీ మందులు బాగా తగ్గించాలన్నారు. తగ్గిస్తే కిడ్నీ దక్కకపోవచ్చు. బావ ఒప్పుకోలేదు.

"దాని ఒళ్లు కోసి తెచ్చిన కిడ్నీ అది. ఖరాబ్ చేసుకొని నేను బతికి ఏం జెయ్యాలె?" అన్నాడు ఆయాసపడుతూ.

"ఇచ్చేటప్పుడు నిన్ను అడిగిన్నా? పోతె పోనీ," అంది అక్క. డాక్టర్ వైపు తిరిగి, "తగ్గియ్యుండ్రి సార్," అంది.

బావ నన్ను చూసి నవ్వబోయాడు. "ముప్పై ఏండ్ల సంది గిదే. నా మాట ఇంటదా?"

నెలల తరబడి మందు వాడాక జ్వరం తగ్గింది, ఊపిరితిత్తులు తేరుకున్నాయి. వానాకాలం దాటేలోపే కిడ్నీ పోయింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలసిస్. అక్క వెంట వస్తుంది కానీ లోపలికి రాదు. ఆ నాలుగు గంటలూ వరండాలో బెంచీ మీదే కూర్చుంటుంది.

మొదటి రోజు మాత్రం ఒక మాట అడిగింది.

"పనిచేస్తలేదని దాన్ని తీసేస్తరా?"

డాక్టర్‌ను అడిగి వచ్చాను. ఇబ్బంది పెట్టనంతవరకు తీయరట, లోపలే ఉంటుందట. అదే చెప్పాను.

"ఉండనీ," అంది.